మా ఇంట్లో మండె కట్టిన చేతులు

మా అత్తగారి ఊళ్లో కొత్త కోడలిని చూడ్డానికి వచ్చినవాళ్లు ముఖం కంటే ముందు చేతులు చూస్తారు. గాజుల కోసం కాదు. ఆ చేత్తో మండె కట్టిస్తే వడ్లు మొలుస్తాయా లేదా అని. మండె అంటే తెలియనివాళ్లకు చెబుతాను. నారు పోయడానికి ముందు విత్తన వడ్లను నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి గోనెసంచిలో మూటకట్టి, మీద గడ్డి కప్పి, బరువుకు ఒక రాయి పెడతారు. లోపల వెచ్చబడి గింజ ముక్కు పగులుతుంది, తెల్లటి మొలక బయటికొస్తుంది. ఆ మొలకనే మడిలో చల్లుతారు. ఈ పని చేసేది తడి, గాలి, వెచ్చదనం. మా ఇంట్లో మాత్రం ఈ మూడింటికీ ఎప్పుడూ పేరు రాలేదు. మొలిస్తే కట్టిన చెయ్యి మంచిది. మొలవకపోతే కట్టిన చెయ్యి మంచిది కాదు. కట్టేది ఎప్పుడూ ఆడమనిషి. కొత్త కోడలు వచ్చిన ఏడాదైతే ఆమే కట్టాలి.

నేను గట్టు మండలం వైపు మెట్టపొలాల్లో పుట్టినదాన్ని. మాకు మండెల గొడవ లేదు. జొన్నలూ కందులూ గొర్రుతో విత్తేస్తాం. ముగ్గురు నలుగురు ఆడవాళ్లు గొర్రు వెనకే నడుస్తూ గొట్టాల్లో గింజలు పోస్తారు, ఎవరి గింజ ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. మొలవకపోతే మా నాయన తలెత్తి పైన మొగులు వైపు చూసి నాలుగు తిట్లు తిట్టి ఇంటికొచ్చేవాడు. మొగులు ఏ ఇంటి కోడలూ కాదు కాబట్టి దానికి పోయేదేమీ ఉండదు.

పెళ్లయ్యాక అమరచింత దగ్గర అత్తగారింటికి వచ్చాను. కాల్వ నీళ్లు వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఎటు చూసినా వరే. నా పెళ్లి ఎండాకాలం చివర్లో జరిగింది కాబట్టి వానాకాలం నార్లు పోసే మిరుగం కార్తెకు నేను కొత్త కోడలిని. మా అత్త నా చేతికి పసుపు రాసి, వడ్ల సంచి నా ముందు పెట్టింది. ఇంటి ముందు ఈశాన్యం మూల చూపించి అక్కడే మండె కట్టమంది. మా మామకు వాస్తు అంటే ప్రాణం. ఆ ఇంట్లో నీళ్ల తొట్టి నుంచి గడ్డపార వరకూ ప్రతిదానికీ ఒక మూల ఉంది. మండెకు ఈశాన్యం.

ఎండలు ఇంకా దిగలేదు. ఆ మూలన పొద్దంతా సూర్యుడు నిలబడి కాచేవాడు. మూటలో చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. వడ్లు ఉడికిపోతాయేమోనని భయపడి మధ్యమధ్యలో నీళ్లు చల్లాను. మర్నాడు మూట విప్పేసరికి మొలకలు దువ్వెన పళ్లలా బారులు తీరి ఉన్నాయి. మా మామ దోసెడు మొలకలు పట్టుకొని వీధి చివరిదాకా నడిచి చూపించి వచ్చాడు.

"మా పెద్దకోడలిది బంగారు చెయ్యి!" అని ఆ రోజు ఆయన ఎన్నిసార్లన్నాడో లెక్క లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఎండకు ఇంటి కప్పు కంతలో ఇరుక్కున్న వడ్లు కూడా నాలుగు చుక్కల తడి తగిలితే మొలిచేవి. అయినా నాకు పేరొచ్చింది. పక్కిళ్లవాళ్లు పిలిచి మండె కట్టించుకున్నారు. తమలపాకులు పెట్టారు, రవికె గుడ్డ పెట్టారు. వాళ్లవీ మొలిచాయి. ఎందుకు మొలవవు? ఎండ అందరి వాకిట్లోనూ ఉంది. కానీ పొగడ్త ఎవరికి చేదు? కొన్నాళ్లు నేను చేతులు కడుక్కునేటప్పుడు కూడా జర జాగ్రత్తగా కడుక్కున్నాను. ఆ తర్వాత వచ్చిన యాసంగుల్లో, అంటే చలికాలం వేసే రెండో పంటకు, చలికి మండె ఆలస్యమైనా, అప్పటికి మేం వేసేది మొండి దొడ్డు రకం కాబట్టి మెల్లగానైనా మొలిచేది. నా బంగారానికి మసి అంటలేదు.

కొన్నేళ్లకు మా మరిదికి పెళ్లయింది. తెలకపల్లి వైపు పిల్ల. తక్కువ మాట్లాడుతుంది, పని చకచకా చేస్తుంది, నన్ను "అక్కా" అని పిలిచే తీరులో ఏ నటనా లేదు. నేనూ చెల్లె అనే పిలిచాను. నాకు మొదటి రోజే నచ్చింది. ఆమె చేసిన తప్పు ఒక్కటే. కార్తీకంలో పెళ్లి చేసుకుంది. అంటే ఆమె కొత్త కోడలిగా కట్టాల్సిన మండె యాసంగి మండె.

పైగా ఆ ఏడే మా మామ దొడ్డువడ్లు వదిలి సన్నరకానికి మారాడు. పక్క పొలమాయన మారాడు కాబట్టి మారాడు. వేరే కారణం అడిగితే కోపమొచ్చేది. ఆ రకం సంగతి చెప్పడానికే రైతు వేదికలో మీటింగు పెట్టారు. రాత్రి చలి ఎక్కువగా ఉంటే సన్నరకాల మొలక బాగా మందగిస్తుందనీ, వడ్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలనీ, మండెను వెచ్చటి చోట పెట్టాలనీ ఆఫీసరు విడమరిచి చెప్పాడట. ఇది మా ఆయన ఫోనుకొచ్చిన మెసేజీ చూసి నేను తెలుసుకున్నాను. మా మామ ఆ మీటింగులో ముందు వరసలో కూర్చున్నాడు. ఆఫీసరు ప్రతి మాటకీ అందరికంటే ఎక్కువగా తలూపింది కూడా ఆయనే అని విన్నాను.

"ఏం జెప్పిండు?" అని అడిగింది మా అత్త.

"మంచిగనే జెప్పిండు."

"అంటే ఏం జెప్పిండు?"

"మంచిగనే జెప్పిండంటున్న గద! చాయ్, బిస్కిట్లు గూడ ఇచ్చిన్రు."

వ్యవసాయ శాస్త్రం మా ఇంటిదాకా వచ్చి అలా గడప దగ్గరే ఆగిపోయింది.

ఆ డిసెంబరు చలి సంగతి చెబితేగాని తర్వాతి కథ అర్థం కాదు. కిటికీలో పెట్టిన కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టింది. మా మామ మంకీ క్యాపు పెట్టుకొని, స్వెటరు వేసుకొని, ఆపైన గొంగడి కప్పుకొని, పొద్దెక్కేదాకా మంట ముందు నుంచి లేచేవాడు కాదు. మా అత్త పాలు తోడుపెట్టి ఆ గిన్నెకు పాత చీర చుట్టి పొయ్యి పక్కన పెట్టేది. లేకపోతే తోడుకోదు. ఈ ఇంట్లో చలి సంగతి తెలియనిది ఎవరికి? అందరికీ తెలుసు. స్నానానికి తెలుసు, పెరుగుకు తెలుసు, మోకాళ్ల నొప్పులకు తెలుసు. విత్తనం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరికీ తెలియదు.

చెల్లె చేతికి పసుపు రాశారు. తొట్టిలోని నీళ్లు మంచులా ఉన్నాయి, అందులోనే వడ్లు నానబెట్టించారు. మండె మళ్లీ ఈశాన్యం మూలకే. వానాకాలం మొదట్లో నెత్తిన నిలబడి కాసిన సూర్యుడు ఇప్పుడు దక్షిణానికి జరిగాడు. పొద్దున తూర్పున పక్కింటివాళ్లు కొత్తగా లేపిన గోడ అడ్డం. మధ్యాహ్నం నుంచి మా ఇంటి నీడే ఆ మూల మీద పడుతుంది. ఇంటి చుట్టూ వెతికినా అంత చల్లటి చోటు ఇంకొకటి దొరకదు. "జర ఎండ పడే తావుల పెడ్దామా అత్తా?" అని చెల్లె అడిగింది కూడా. అత్త చూసిన చూపుకు మూట ఎత్తుకొని ఆ మూలకే నడిచింది.

మూట విప్పారు. గింజలు నానబెట్టినవి నానబెట్టినట్టే ఉన్నాయి. ఇంకో రోజు ఆగారు. అక్కడక్కడ ఒక గింజ ముక్కు పగిలింది, మిగతావి చలికి ముడుచుకొని పడుకున్నాయి. కింద పొరలో పులిసిన వాసన మొదలైంది.

"ఈ పిల్ల చెయ్యి ఇత్తుకు రాదు," అంది మా అత్త. గట్టిగా కూడా అనలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

బయటివాళ్లకు ఈ మాట ఎంత బరువైందో తెలియదు. మా వెనక వీధిలో ఒకామె ఉంది, మా అత్త ఈడుది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఆమె కట్టిన మండె కుళ్లిందట. అంతే. ఇప్పటికీ ఎవరింట్లోనైనా నారు పోస్తుంటే ఆమె గట్టు మీదే నిలబడుతుంది. కలుపుకు పిలుస్తారు, కోతకు పిలుస్తారు, విత్తనం గంప మాత్రం ఆమె చేతికివ్వరు. ఆవకాయ కలపడానికి పిలవరు, పెళ్లిళ్లలో పసుపు దంచడానికి పిలవరు. ఆమె కూతుళ్ల సంబంధాలప్పుడు కూడా "తల్లి చెయ్యి" అనే మాట వచ్చిందని చెప్పుకుంటారు. ఒక్క మూట వడ్లకు ఒక జన్మంతా. ఆ రోజు మా చెల్లె ముందు ఉన్నది ఆ గట్టు.

మధ్యాహ్నానికి మాట వీధి దాటింది. గిన్నెలు తోముతూ ఆ పిల్ల చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటుంటే నేను చూశాను. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. మా మరిదిని పక్కకు పిలిచి "నువ్వన్న మాట్లాడరాదా?" అన్నాను. "నాకేం తెల్వది వదినా, ఇవన్ని అమ్మ సంగతులు," అని బండెక్కి చాయ్ తాగడానికి పోయాడు. కట్టుకున్నవాడి వైపు నుంచి ఆమెకు దొరికిన ఆసరా అంతే.

రెండో మండె బంగారు చేతికి అప్పగించారు. అంటే నాకు. అదే తొట్టి నీళ్లు, అదే మూల, అదే చలి. నేను కావాలనే ఏమీ మార్చలేదు. పసుపు కూడా మా అత్త చెప్పినంతే రాసుకున్నాను. నా చెయ్యి ఏపాటిదో ఇంటిల్లిపాదీ కళ్లారా చూస్తే ఆ పిల్ల బయటపడుతుందని నా తెలివి. మొలవలేదు. నా బతుకులో ఒక పని చెడిపోయినందుకు అంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

"అత్తా, ఈపారి కట్టింది నేను," అన్నాను.

"నువ్వేం జేస్తవు బిడ్డా, సంచిని ఆ పిల్ల ముట్టిందాయె."

నేను చెడగొట్టిన మండె నా చెయ్యిని ముట్టుకోకుండా తిన్నగా పోయి ఆమె నెత్తిన కూర్చుంది. ఒకసారి మనిషికి పేరు పెట్టాక సాక్ష్యం ఎటు తిప్పినా అటే పోతుందని నాకు అప్పుడు తెలిసింది. అయినా ఊరుకోలేదు.

"మరి పెరుగు గిన్నెకు చీర ఎందుకు సుడుతున్నవత్తా?"

"సలికి తోడుకుంటదా? గంత తెల్వదా?"

"పెరుగుకు సలైతది, వడ్లకు కాదా?"

"పెరుగంటే పాలు. వడ్లంటే లచ్చిమి. లచ్చిమికి సలేంది!"

లక్ష్మీదేవికి చలి లేదు కాబట్టి వడ్లకూ లేదు. దీనికి ఏ రైతు వేదికలోనూ జవాబు దొరకదు. అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. మా మామ దగ్గరికి పోయి, వీలైనంత వినయంగా నిలబడ్డాను.

"మామా, ఇంగ ఆడోళ్ల చేతులే వద్దు. కొత్త సంచి దెచ్చి మీరే గట్టుండ్రి. మీ చేతికి మించిందేముంటది?"

మంకీ క్యాపులో నుంచి ఆయన ముఖం వికసించింది. ఈ మాట ఎవరైనా ఎప్పుడంటారా అని ఇన్నేళ్లూ ఎదురుచూసినట్టే ఉన్నాడు. కొత్త సంచి వచ్చింది. దాన్ని చెల్లె నీడ కూడా తగలకుండా లోపల పెట్టారు. మామ తలస్నానం చేశాడు, వేడి నీళ్లతోనే. కొబ్బరికాయ కొట్టాడు. వాకిట్లో పోయేవాళ్లను పిలిచి మరీ చూపించాడు. "ఎవుసం అంటే ఆటగాదు. గింజను పట్టుకునే తీరు వేరుంటది," అని గింజను పట్టుకునే తీరు కూడా చూపించాడు. ఎంత చూసినా అది మామూలుగా పట్టుకున్నట్టే ఉంది. వడ్లు మాత్రం చల్లటి తొట్టిలోనే నానాయి, మండె ఈశాన్యంలోనే కూర్చుంది.

విప్పే రోజు ఇంటి ముందు బాగానే జనం పోగయ్యారు. మామ మూట విప్పాడు. గింజలు చూశాడు. గుప్పెడు తీసి వాసన చూశాడు. అడుగున చెయ్యి పెట్టి కలిపి చూశాడు. మూట మళ్లీ కట్టి, ఇంకోసారి విప్పాడు, ఈసారి వేరేగా ఉంటాయేమోనన్నట్టు. నేను చెల్లె వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది.

విత్తనం చెడ్డదందామంటే ఆయన ఎంపిక. నీళ్లు చెడ్డవందామంటే ఆయన వేయించిన బోరు. మూల చెడ్డదందామంటే ఆయన వాస్తు. ఇంట్లో ఆయనది కానిది ఇంకేమీ మిగల్లేదు. చివరికి ఆకాశం వైపు చూశాడు.

"గీ సలికి దేవుడొచ్చి మండె గట్టినా మొలవయి," అన్నాడు.

చూడాలి ఆ వేడుక. అవునవును, ఏం చలి, ఏం చలి అని వచ్చినవాళ్లంతా భుజాలు ముడుచుకున్నారు. మా ఆయన ఫోను తీసి రాత్రి ఎంత చల్లబడిందో అందరికీ చదివి వినిపించాడు. "అవు, నేను పుట్టినంక ఇంత సలి సూడలే," అంది మా అత్త. అన్నది ఆవిడే. లక్ష్మి సంగతి ఎవరూ ఎత్తలేదు. వారాల తరబడి ఊరంతా వణుకుతున్నా మా ఇంటి వడ్లకు మాత్రం చలి ఆ రోజే పెట్టింది.

చెల్లె తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇన్ని రోజుల్లో ఆమె మామతో నేరుగా మాట్లాడింది లేదు.

"మామా, నేను గట్టిననాడు సలి లేకుండెనా?"

మామ గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు గింత లేకుండె బిడ్డా."

"ఆ దినముది గూడ సూడు," అన్నాను మా ఆయనతో.

"పాతయి సూపియ్యదు," అని ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. చూపిస్తుందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

చలి అనేది ఉందని పెద్దాయన ఒప్పుకున్నాడు కాబట్టి, నాలుగో మండెకు దాని ప్రకారం నడవడానికి ఇంట్లో అనుమతి దొరికింది. కాల్వ నీళ్ల అదును దాటిపోతోంది, ఎవరు కట్టినా ఫరవాలేదు, మొలిస్తే చాలన్న పరేషాన్ కూడా మొదలైంది. చెల్లె ఎవర్నీ ఏమీ అడగలేదు. గోరువెచ్చని నీళ్లలో వడ్లు నానబెట్టింది. మూటకట్టి, స్నానాలకు నీళ్లు కాచే పొయ్యి పక్కన, వెచ్చటి గోడకు ఆనించి పెట్టింది. "తానం జేసే కాడ ఇత్తనమా!" అని అత్త నోరు తెరిచింది. "పెరుగు పొయ్యి కాడనే గద పెడతున్నవత్తా," అని చెల్లె మెల్లగా అంది, అత్త నోరు మూసింది. గడ్డి కప్పాక పైన ఇంకేదైనా కప్పాలని చూస్తే దండెం మీద మామ గొంగడి కనిపించింది. తీసుకొచ్చి కప్పింది. ఆ రోజు మామ దుప్పటితో సర్దుకున్నాడు. చలి అని చాటింది ఆయనే కదా.

మిరుగం కార్తెలోలా తెల్లారేసరికి కాకపోయినా, ఆగి ఆగి మొలిచాయి. మూట విప్పితే ఆవిరి వచ్చింది. గింజ గింజకూ తెల్లటి ముక్కు. నాకు ఆ మూట ముందే కూర్చొని చప్పట్లు కొట్టాలనిపించింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

ఇక చూడండి. "సలి అని నేను మొదలే జెప్పిన," అని మామ వీధిలోకి బయల్దేరాడు. "మా సిన్నకోడలి చెయ్యి గూడ మంచిదే, ఏందో మొదటిపారి దిష్టి తగిలినట్టున్నది," అని అత్త పక్కింటివాళ్లకు చెప్పింది. వాళ్లు వీళ్లకు చెప్పారు. ఆ పిల్ల చెయ్యి చెడిపోవడానికి పట్టిన ఒక్క పూట కంటే బాగుపడడానికి ఇంకా తక్కువ సమయం పట్టింది. గోరువెచ్చని నీళ్ల గురించి గానీ, పొయ్యి గోడ గురించి గానీ ఎవరూ ఒక్క మాట అనలేదు. మళ్లీ చెయ్యే గెలిచింది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఆ పిల్ల గట్టెక్కింది కదా అని సరిపెట్టుకున్నాను.

నారు పోసే రోజు అందరం మడి దగ్గరికి పోయాం. మండె కట్టిన చెయ్యే మొదటి గుప్పెడు చల్లాలి, అది మా దగ్గర ఆనవాయితీ. దున్ని చదును చేసిన మడిలో పలచగా నీళ్లు ఉన్నాయి. గాలి ఇంకా చల్లగానే కొడుతోంది. మొలక వచ్చినంత మాత్రాన పని అయిపోదు, ఈ చలికి మడిలో నారు పచ్చబారుతుందో పసుపెక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అత్త మొలకల గంపకు పసుపు బొట్టు పెట్టి, అందరూ చూస్తుండగా చెల్లె ముందు పెట్టింది.

"సల్లు బిడ్డా. నీ చెయ్యి మంచిది."

చెల్లె గంప ఎత్తుకుంది. మడిలోకి దిగలేదు. గట్టు వెంట నడిచి పోయి మామ ముందు దించింది.

"మీరే సల్లుండ్రి మామా," అంది. "నారు రాకపోతే మీకైతే సలి ఉంటది. నాకు చెయ్యి ఒక్కటే ఉంటది."

మామ మంకీ క్యాపు తీసి చేతిలో పట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత పంచె పైకి కట్టి, గంప తీసుకొని మడిలోకి దిగాడు.